ఆబిడ్స్‌లో వేసిన జడ

నా భార్య చనిపోయిన నాలుగు నెలలకు, ఐదేళ్ల పాపను, మూడేళ్ల బాబును తీసుకుని బట్టలు కొనడానికి ఆబిడ్స్ వెళ్లాను. దుకాణంలో పాప బాత్రూమ్‌కి పోవాలంది. ఆడవాళ్ల వైపు నేను వెళ్లలేను కదా! గుమ్మం దగ్గరున్న ఒకావిడను, "అక్కా, జర మా పాపను తీస్కపోతరా?" అని అడిగాను. ఆమె పాప చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లింది.

పది నిమిషాలైనా ఇద్దరూ రాలేదు. పేరైనా అడక్కుండా బిడ్డను ఎవరి చేతిలో పెట్టానో! బాబును ఎత్తుకుని తలుపు బాదాను. లోపలి ఆడవాళ్లు తిట్టారు.

అప్పుడు ఆమె పాపతో బయటికొచ్చింది. "ఏందన్నా, గంత ఫికర్? జుట్టంత చిక్కువడ్డది, దువ్వి జడేసిన."

సిగ్గుతో తలదించుకున్నాను. ఆమె వెళ్లిపోయాక పాప, "డాడీ, రేపు గూడ ఈడికి వద్దామా?" అంది.

ఆ జడను మూడు రోజులు నన్ను విప్పనివ్వలేదు. అప్పటిదాకా మా ఇంట్లో ఒంటరివాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను.