పిడికిట్లో రబ్బరు బుగ్గ

ఆ రోజుల్లో ఫోటో దిగడం అంటే ఒక పూట పని. ఇప్పటిలా టీ తాగుతూ, బస్సెక్కుతూ దిగేది కాదు. తలంటుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, పిల్లల ముఖాలకు పౌడరు దట్టించి, వడ్డేపల్లి నుంచి బస్సు పట్టుకుని గద్వాల దాకా వచ్చి, స్టూడియోలో ఊపిరి బిగబట్టి కూర్చుంటే అప్పుడది ఫోటో. ఊపిరి మళ్లీ ఎప్పుడు వదలాలో తెలియక కొందరు రోడ్డెక్కాక వదిలేవాళ్లని చాచా అనేవాడు. చాచా నాకు బంధువు కాదు. డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంట్లో కూర్చున్న నన్ను, ఆడవాళ్ల కొంగులు సర్దడానికీ, పిల్లలను నవ్వించడానికీ, కొత్తగా కొన్న కంప్యూటర్ ముందు కూర్చోవడానికీ పనిలో పెట్టుకున్న స్టూడియో యజమాని. బజారంతా ఆయన్ను చాచా అనేది, నేనూ అన్నాను. అలా ఆయన భార్య నాకు చాచీ అయింది.

చాచా దగ్గర ఒక వస్తువు ఉండేది. పొడుగాటి సన్నని రబ్బరు గొట్టం, దానికి ఒక చివర దవాఖానలో బీపీ చూసేటప్పుడు నొక్కేదాని లాంటి రబ్బరు బుగ్గ, రెండో చివర స్క్రూలా మర ఉన్న చిన్న ఇత్తడి ముక్క. పాత రీలు కెమెరా బటన్ మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలో మరను బిగించి దూరం నుంచి బుగ్గ పిసికితే, గాలి పోయి ఇత్తడి ముక్కలోని పుల్లను తోసేది, కెమెరా టక్కుమనేది. అయితే చాచా ఆ బుగ్గను తన చేతిలో పెట్టుకునేవాడు కాదు. వచ్చిన కుటుంబంలో అందరికన్నా పెద్దవాళ్ల చేతిలో పెట్టేవాడు. "మీ ఇంటి ఫోటో మీరే తియ్యాలె. నేను ఊకె నిలవడి చూస్త" అనేవాడు. ఆ ముసలమ్మో తాతో దాన్ని కొంగు కిందో కండువా కిందో దాచుకుని, కోడళ్లూ మనవలూ సర్దుకున్నాక పిసికేవాళ్లు. అందుకే మా వైపు ఇళ్లలో పాత ఫోటోలు చూస్తే పెద్దవాళ్లలో ఒకరి పిడికిలి బిగిసి ఉంటుంది. అది కోపం కాదు, బుగ్గ. (మా నాయనమ్మ ముఖం కెమెరా వైపు పెట్టి, చూపు మాత్రం పిడికిలి మీద పెట్టింది. ఆమె పోయాక దండ పడింది ఆ ఫోటోకే.)

ఊరందరి చేతా ఫోటోలు తీయించిన మనిషికి భార్యతో కలిసి ఒక్క ఫోటో లేదు. చాచీ ఒంటరిగా దిగదు. "ఈయన గా కెమెరాకు కన్ను పెట్టంగనే నాకు నవ్వొస్తది, నవ్వుకుంట ఎట్ల దిగాలె? పక్కన కూసుంటేనే దిగుత" అని ఆమె షరతు. ఇంకొకరు తీస్తే చాచా ఒప్పుకోడు. "నా ఫోటో వేరేటోడు తీస్తే నేను స్టూడియో ఎందుకు పెట్టుకున్నట్టు?" అని ఆయన షరతు. ఇద్దరికీ కుదిరే దారి బుగ్గ ఒక్కటే. అందుకని ప్రతి రీలులో ఆఖరి ఫోటో తమ ఇద్దరి కోసం అట్టిపెట్టేవాడట. ఆ ఆఖరి ఫోటో దగ్గరికి వచ్చేసరికి ఎవరో హాల్ టికెట్ ఫోటో కోసమని రొప్పుతూ వచ్చేవాళ్లు. "పాపం, పరీక్ష గద" అని చాచీయే అనేదట. పెళ్లయిన నాటి నుంచీ వాళ్ల ఫోటో అలా పరీక్షలు రాస్తూనే ఉంది.

నేను చేరిన ఏడాది డిజిటల్ కెమెరా వచ్చింది. చాచా దాన్ని చేతిలోకి తీసుకుని మొదట చూసింది బటన్. నున్నగా ఉంది, రంధ్రం లేదు. గొట్టం చివరి ఇత్తడి ముక్కను బటన్ మీద ఆనించి చూసి, "ఇది ఏడ బిగియ్యాలె?" అన్నాడు. బిగించేది లేదనీ, దీనికి వేరే వైరు రిమోట్ వస్తుందనీ, హైదరాబాద్ పోతే దొరుకుతుందనీ చెప్పాను. "మంచిగున్న బుగ్గను పెట్టుకుని హైదరాబాద్ ఎందుకు పోవాలె?" అన్నాడు. టైమర్ చూపించాను. ఆయన మోకాళ్లు చూపించాడు. "నేను ఉరికొచ్చి కూసునేవరకు అది ఉత్త కుర్చీ ఫోటో తీస్తది" అన్నాడు. అది నిజమే, ఒకసారి తీసింది కూడా.

అప్పుడు నాలోని ఇంజనీరు లేచింది. (ఇంటర్‌లో ఫిజిక్స్ రెండుసార్లు రాసిన ఇంజనీరు.) సైకిల్ షాపులో ఒక ఇనుప పట్టీ వంచించి, దానికి నట్టు అతికించి, ఆ నట్టు సరిగ్గా బటన్ పైకి వచ్చేలా పట్టీని కెమెరాకు కట్టాను. కట్టింది నా జడ రబ్బరు బ్యాండ్లతో. నట్టులో పాత బుగ్గ మర బిగించాను. మొదటి పరీక్షకు ఐజ నుంచి వచ్చిన ఒక అవ్వ దొరికింది. ఆమె పిసికిన పిసుకుడుకు బటన్ దిగలేదు సరికదా పట్టీయే లేచి కింద పడింది. "నేనే పలగొట్టిన్నా బిడ్డా?" అని ఆమె పరేషాన్ అయిపోయి, ఫోటో దిగకుండానే చెప్పులు వెతుక్కుంది. రబ్బరు బ్యాండ్లు ఇంకా బిగించాను. మర్నాటికి పని చేసింది. బుగ్గ పిసికితే కొత్త కెమెరా టక్కుమంది. చాచా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. "పోయి మీ చాచీని తోల్కరా" అన్నాడు, అంతే.

చాచీ జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది. బల్ల మీద ఇద్దరూ జానెడు ఎడంగా కూర్చున్నారు. చాచా కస్టమర్ల కోసం ఉంచిన కోటు వేసుకున్నాడు. బుగ్గ పిడికిట్లో పట్టుకుని, "కదలకు" అని భార్యకు చెప్పి, పిసికాడు. టక్కుమంది. ఆగలేదు. టకటకటక కొడుతూనే ఉంది. ముందు రోజు రాత్రి ఒక పెళ్లిలో తలంబ్రాల కోసం కెమెరాను వరుసగా తీసేలా పెట్టాం, అది అలాగే ఉంది. నా రబ్బరు బ్యాండ్ల బిగువుకు పుల్ల బటన్ మీదే ఇరుక్కుపోయింది. చాచా బుగ్గ వదిలాడు, మళ్లీ పిసికాడు, దులిపాడు. "ఏందిది, ఆగదా?" అని చాచీ ఆ బుగ్గ గుంజుకుని తను పిసికింది. గొట్టం ఇద్దరి మధ్యా మెలికపడింది. చాచీకి నవ్వు మొదలైంది. మొదట కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత కొంగు సంగతే మర్చిపోయి ఆయన భుజం మీద తల ఆనించి నవ్వింది. నేను పరిగెత్తి రబ్బరు బ్యాండ్లు తెంపేదాకా కెమెరా తీస్తూనే ఉంది.

చాచీ వంట ఉందని వెళ్లిపోయాక కంప్యూటర్‌లో చూశాం. మొదటి ఫోటోలో ఇద్దరూ కట్టెల్లా, సక్కగా ఉన్నారు. తర్వాతవన్నీ గొడవ, గొట్టం, నవ్వు. చాచా ముఖం వాడిపోయింది. ఒక్క పిసుకుడుతో ఒక్క ఫోటో, అదీ మంచిది, అన్నది ఆయన పరువు. "ఒక్కదానికి ఇన్ని ఖరాబ్ చేసినమా" అన్నాడు.

"రీలు లేదు గద చాచా. ఉంటే ఉండనియ్యి, ఏం కాదు" అన్నాను.

"ఎవరన్న చూస్తే చాచాకు ఫోటో తియ్యనీకె రాదంటరు. తీసెయ్యాలె. ఎట్ల తీస్తరో నాకు చూపియ్యి."

ఎన్ని నెలలుగా బతిమాలినా మౌస్ ముట్టుకోని మనిషి తనంతట తానే నేర్పమని అడిగాడు. నాకు పట్టరాని సంతోషం. కుర్చీ ఆయనకిచ్చి, పక్కన నిలబడి, ఏది నొక్కాలో చూపించాను. ఒక్కొక్కటే నొక్కాడు. ఒక్కొక్క దానికీ నేను శభాష్ అన్నాను. చాచీ తల ఆనించిన ఫోటో దగ్గర చెయ్యి కాస్త ఆగింది. "గిట్ల నోరు తెరిచిన ఫోటో చూస్తే ఇంట్ల నన్ను బతకనియ్యదు" అని దాన్నీ నొక్కాడు. అన్నీ అయ్యాక, "ఇంక ఏడనన్న ఉంటయా?" అని అడిగాడు. నేను మంచి పంతులమ్మను. కెమెరా కార్డును తుడిచేయడం, కంప్యూటర్‌లోని చెత్తబుట్టను ఖాళీ చేయడం కూడా నేర్పాను. మిగిలిన ఆ ఒక్కదాన్ని పెద్దగా ప్రింట్ తీసి ఫ్రేము కట్టించాడు.

పెళ్లయి వనపర్తి వచ్చాక ఆ ఫోటో సంగతే మర్చిపోయాను. పోయిన ఏడు చాచీ పోయిందని తెలిసి వెళ్లాను. స్టూడియో ఎప్పుడో మూతపడింది. ఇంట్లో గోడ మీద ఆ ఫోటో ఉంది, అందులో చాచా పిడికిలి బిగిసి ఉంది. ఆయన చాయ్ తెప్పించాడు, పిల్లల గురించి అడిగాడు, చాలాసేపు గోడ వైపు చూశాడు.

"గా ఫోటోల ఈమె రేషన్ కార్డు మీది మనిషి లెక్క ఉంది. ఇంట్ల తిరిగినామె ఈమె కాదు" అన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "బిడ్డా, గా చెత్తబుట్ట మల్ల తెరిస్తే ఒక్కటన్న దొర్కుతదా?"

కంప్యూటరే లేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. "లేదు చాచా. ఖాళీ చేసినం గద" అన్నాను.

ఆయన తల ఊపాడు. "నువ్వు మంచిగనే నేర్పినవు. నేనే జల్ది నేర్చుకున్న" అన్నాడు.

తిరిగొచ్చే బస్సులో నా ఫోన్ జాగా నిండిపోయిందని, కొన్ని ఫోటోలు తీసేయమని అడిగింది. రోజూ అడుగుతుంది. అందులో సగం వణికినవీ, వేళ్లు అడ్డమొచ్చినవీ, మా ఆయన ఆవులిస్తున్నవీ. కొత్త ఫోనైనా కొను, లేదా అవైనా తీసెయ్ అని ఆయన మొత్తుకుంటాడు. నేను రెండూ చేయను. ఆ పూట మాత్రం, చాచాకు ఫోటోలు తీసేయడం నేర్పానని రబ్బరు బ్యాండ్లు లేని జడతో, పొంగిపోతూ ఇంటికి నడిచిన ఆ పిల్ల గుర్తొచ్చి, కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. కొంగు అడ్డం పెట్టుకోలేదు.