శాలువా కప్పుకున్న బ్యాటరీ

నిమ్‌పురా నుంచి స్టేషను వైపు నడిచి వస్తున్న అనంతరామయ్య మేస్టారి పక్కన ఒక టోటో రిక్షా ఆగింది. వెనకసీట్లో ఎవరో పొట్టి రోగి, ఎర్ర శాలువా కప్పుకుని, నెత్తిన మంకీటోపీతో ఉన్నాడు. రోగిని పొదివి పట్టుకున్నవాడు రైల్వే వర్క్‌షాపులో రిటైరైన అమర్‌నాథ్. అతని భార్య చిట్టెమ్మ, సంచీ ఒళ్లో పెట్టుకుని, ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని ఉంది.

"ఎక్కండి మేస్టారూ, టేసను కాడ దింపేత్తాం."

"ఎవరికోయ్ జబ్బు?" అంటూ అనంతరామయ్య ఎక్కి కూర్చున్నాడు.

అమర్‌నాథ్ శాలువా అంచు తొలగించాడు. లోపల బ్యాటరీ!

సుభాష్‌పల్లిలో అమర్‌నాథ్ బండిల్లు తెలియనివాళ్లు లేరు. తుక్కు చక్రాల మీద రేకు గోడలు లేపి, రెండు బెర్తులు వేసి, పాత వ్యాను వెనక తగిలించుకుని దేశం తిరగడానికి అతను కట్టుకున్న ఇల్లది. ఇంతవరకూ వీధి మలుపు దాటలేదు. తొలి ప్రయాణం రథసప్తమికి అరసవల్లి అని పెళ్లానికి మాటిచ్చాడు. సప్తమి రేపే. తీరా చూస్తే బండింటి బ్యాటరీ చచ్చిపోయిందని మెకానిక్ చెప్పాడు. దీపం వెలగని పెట్టె కదలకూడదన్నది అమర్‌నాథ్ శాసనం. ఉద్యోగమంతా రైలుపెట్టెల దీపాలతోనే గడిచింది మరి.

"సచ్చిపోనాదంట! ఆడికేటి తెల్సు? ఇంకో డాట్రుకి సూపిత్తాను."

"చలికాలంలో చూసుకోలేదా?"

"బాలింతని సూసినట్టు సూసినాను! కార్తీకం నుంచీ దుప్పట్లోనే ఉంచినాను. సాంబ్రాణి ఏసినాను."

"మధ్యలో చార్జింగు పెట్టావా?"

"నిద్దరోతున్నదాన్ని లేపుతారేటండీ? ఫ్యానూ, లైట్లూ అన్నీ కట్టేసినాను. విశ్వకర్మ బాబు పటం కాడ ఎర్రబల్బొకటే ఎలిగింది. దానికి స్విచ్చే ఎట్టనేదు, నేరుగా బ్యాటరీకే కలిపినాను. దేవుడి దీపం ఆపడానికి మనమెవలం?"

గుర్రానికి పట్టుజీను తొడిగి గడ్డి వెయ్యడం మరిచిన రాజు కథ అనంతరామయ్య ఎక్కడో చదివాడు. ఏ పుస్తకమో గుర్తు రాలేదు. ఆ రాజు యుద్ధానికి నడిచి వెళ్లాడా, ఇంట్లోనే కూర్చున్నాడా అన్నదీ గుర్తు రాలేదు.

చిట్టెమ్మ వెనక్కి తిరిగింది.

"ఆ బల్బు ఇన్నాళ్లూ ఎలుగుతానే ఉన్నాదా?"

"పుష్యంలో ఆరిపోనాదే. సలికి అలాగయిందనుకుని ఇంకో దుప్పటి కప్పినాను."

అనంతరామయ్యకు దగ్గు ముంచుకొచ్చింది. నవ్వు కంటే అదే మర్యాద.

"రైలు పాసు మీద పోదుం రా అంటే ఏటన్నావు? 'ఊరందరితోటీ ఇరుక్కుని ఎల్తావేటే, సొంత బండిలో మారాణిలా ఎల్దువు గానీ' అన్నావు. ఆ పాసు ఈ సంచీలోనే ఉన్నాది."

"ఒక్క గంటాగే! రెండో డాట్రు కూడా సూసేక..."

టోటో స్టేషను ముందు ఆగింది. చిట్టెమ్మ దిగి వెనకసీటు దగ్గరికొచ్చింది. కోపం తగ్గి పక్కన కూర్చుంటుందనుకుని అమర్‌నాథ్ బ్యాటరీని ఒళ్లోకి లాక్కుని చోటిచ్చాడు.

ఆమె బ్యాటరీ మీది శాలువాను ఒక్క గుంజు గుంజింది. దులిపింది. సాంబ్రాణి వాసన గుప్పుమంది. అది ఆమె శాలువాయే. భుజాల చుట్టూ కప్పుకుని, సంచీలోంచి పాసు తీసి పట్టుకుని ప్లాట్‌ఫారం వైపు నడిచిపోయింది.