గోడ మీది తేదీలు

బోర్డులు రాసే పెద్దాయన చెయ్యి వణకదని ఆ వీధిలో పేరు. ఆసుపత్రి గోడ మీద "మత్తు మాన్పించే మందుల కేంద్రం ఈ తేదీన ప్రారంభం" అని మొదటిసారి రాసిన రోజు మాత్రం వణికింది. సంతోషంతో. ఆయన తమ్ముడు మత్తు ఇంజెక్షన్ల పాలబడి, ఎలాగో గట్టునపడి, ఆ మత్తు మాన్పించే మందు రోజుకో గుక్కెడు తాగుతూ నిలబడ్డాడు. ఆ గుక్కెడు కోసం పట్నానికి రోజూ పోను రెండు గంటల బస్సు, రాను రెండు గంటలు. మధ్యాహ్నానికి పనిలోకి వస్తానంటే ఎవరు పెట్టుకుంటారు?

తేదీ వచ్చింది, వెళ్లింది. తాళం కదల్లేదు. ఆసుపత్రి అధికారి కబురు పెడితే పెద్దాయన పాత తేదీ మీద తెల్లరంగు పూసి కొత్తది రాశాడు. అదీ దాటిపోయింది. సర్కారువారి ఆలస్యానికి కూడా ఒక హోదా ఉంటుంది కాబోలు!

మూడోసారి పిలుపొచ్చిన రోజు తమ్ముడు చేతులెత్తేశాడు. "ఇక నావల్ల కాదన్నయ్యా. రేపట్నుంచి వెళ్లను."

మందు మానితే వాడు మళ్లీ ఎక్కడ తేలతాడో పెద్దాయనకు తెలుసు.

"ఈ తేదీ దాకా ఆగరా," అని బతిమాలి కుంచెలు పట్టుకుని వెళ్లాడు. తెల్లరంగు డబ్బా ఇంట్లోనే వదిలేశాడు. గోడ మీద మొదటి తేదీని మళ్లీ రాసి అడ్డంగా కొట్టేశాడు. రెండోదాన్నీ కొట్టేశాడు. వాటి కింద మూడోది, జానెడేసి అక్షరాలతో.

ఎదురుగానే బస్టాపు. బస్సు ఎలాగూ వేళకి రాదు, జనానికి చదువుకోవడానికి బోలెడు తీరిక. వారం తిరక్కుండా ఆ గోడ ఫొటో అంటించి, కేంద్రం తెరవమని రాసిన అర్జీ మీద నాలుగువందల సంతకాలు పడ్డాయి.

అధికారి మొహం మాడ్చుకుని వచ్చాడు. "పాతవి చెరపలేదేంటయ్యా?"

"ఆ తేదీలన్నీ చెప్పింది మీరే కదా సార్. నేను రాశానంతే."

"ముందు చెరుపు!"

"తొంభై రోజులు వరసగా తెరిచి ఉంచండి సార్. నేనే వచ్చి ఊరికే చెరిపేస్తాను."

అధికారి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. అర్జీ అప్పటికే పైకి వెళ్లింది. గోడ చెరిపినా ఫొటో చెరగదు.

మూడో తేదీన, తాళంచెవి వెతకడానికి గంట పట్టినా, తలుపు తీశారు. వరసలో మొదటివాడు తమ్ముడు. ఆ వారమే వడ్రంగి షెడ్డులో పొద్దుటి పనికి కుదిరాడు.

ఎక్కడ మళ్లీ మూసేస్తారోనని పెద్దాయన రోజూ పనిగట్టుకుని ఆ దారినే వెళ్లేవాడు. తమ్ముడి గురించీ అదే బెంగ, పైకి అనలేదంతే.

తొంభై ఒకటో రోజు పొద్దున్నే తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో తెల్లరంగు డబ్బా.

"పద అన్నయ్యా. వాళ్లు ఒక్కరోజూ మూయలేదు. నేనూ ఒక్కరోజూ మానలేదు."

పెద్దాయన కుంచె అందుకున్నాడు. చెయ్యి మళ్లీ వణికింది.