బ్రేకు ముందా, బండి ఆగడం ముందా

1996 మార్చిలో మా కంపెనీ నన్ను మద్రాసు ఫ్యాక్టరీలోని వాహన పరీక్షా విభాగానికి అసిస్టెంట్ మేనేజరుగా వేసింది. నాకప్పుడు ముప్ఫై మూడేళ్లు. అప్పజెప్పిన పని ఒక్కటే. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే మా జీపుకు, విదేశీ భాగస్వామి సంస్థ పంపిన ‘బ్రేక్ ట్రాక్షన్’ పరికరాన్ని అమర్చి, మన నేల మీద అది పనికొస్తుందో లేదో తేల్చాలి. అందుకోసం ముందుగా ఆ సంస్థలో మూడు వారాల శిక్షణ ఇప్పించారు. ఆ మూడు వారాలకే నేను ‘అక్కడైతే’ అనకుండా వాక్యం మొదలుపెట్టలేని మనిషినయ్యాను. వాళ్లిచ్చిన నల్ల జాకెట్టు వేసుకుని మద్రాసు ఎండలో తిరిగేవాణ్ణి. ఒంటినిండా చెమటకాయలు లేచినా విప్పలేదు.

పరికరం సంగతి క్లుప్తంగా చెబుతాను. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్లాలి. అందుకు వీలుగా ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల పెట్టె ఉంటుంది. అది రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలమే పంచుతుంది. రోడ్డు మీద ఇది న్యాయమే. గుంటల్లో, బురదలో మాత్రం ఈ న్యాయమే కొంప ముంచుతుంది. ఒక చక్రం గాలిలో తేలితే దాన్ని తిప్పడానికి పెద్ద బలం అక్కర్లేదు. కాబట్టి గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంత కొంచెమే అందుతుంది. తేలిన చక్రం గిర్రున తిరుగుతుంటే నేల మీది చక్రం చూస్తూ కూర్చుంటుంది. మా పరికరం చేసేదల్లా ఆ గిర్రున తిరిగే చక్రాన్ని కనిపెట్టి, దానికొక్కదానికే బ్రేకు వేయడం. అప్పుడు దాన్ని తిప్పడం కష్టమవుతుంది. ఆ కష్టానికి సరిపడా బలం రెండో చక్రానికీ వెళుతుంది, బండి కదులుతుంది.

ఇదంతా డ్రైవర్లకు క్లాసు పెట్టి చెప్పాను. వాళ్లలో సీనియర్ టెస్ట్ డ్రైవరు మునిరత్నం. చింతాద్రిపేటలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బండిలో రెండూ. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నేను ఆయన్ని ‘నువ్వు’ అనేవాణ్ణి. క్లాసయ్యాక ఆయన, తాను వయసులో ఉన్నప్పుడు పొన్నేరి వైపు ట్రాక్టరు తోలాననీ, దానికి ఎడమకొకటి కుడికొకటి బ్రేకు పెడళ్లుంటాయనీ, ఊరికే తిరిగే చక్రం వైపు పెడల్ మెల్లగా తొక్కితే రెండోది పట్టుకుంటుందనీ చెప్పి, ఇదీ అదేనా అని అడిగాడు. నిజానికి అదే. కానీ నా మూడు వారాల విదేశీ శిక్షణ ట్రాక్టరు పెడల్ ముందు తేలిపోతుందేమోనని భయం వేసింది. ఇది ఎలక్ట్రానిక్ వ్యవహారమనీ, దేనితోనూ పోల్చకూడదనీ అన్నాను. ఆయన తలూపి బండి దగ్గరికి వెళ్లాడు.

జూన్‌లో ప్రదర్శన ఏర్పాటైంది. జీపులు కొనే ఆలోచనలో ఉన్న ఒక ప్రభుత్వ శాఖ అధికారులు వస్తున్నారు, పక్కన మా జనరల్ మేనేజరు ఉంటారు. ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో ఎడమా కుడీ మార్చి మార్చి మట్టిదిబ్బలు పోయించాం. వాటి మీదికెక్కితే ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి నేల వదిలేస్తాయి.

ప్రదర్శన పదకొండింటికి. నేను ఏడింటికే బండి తీయించాను. ఒకటి రెండుసార్లు సరిచూసుకుని ఆపాల్సింది. కానీ కంపెనీ పత్రికకు ఫోటోలు తీసే మనిషి వచ్చాడు. చక్రం గాలిలోకి లేచినప్పుడు స్టీరింగు దగ్గర నేను నవ్వుతూ కనిపించాలి. నేను నవ్వినప్పుడు చక్రం లేవలేదు, చక్రం లేచినప్పుడు నేను నవ్వలేదు. అలా అతిథులు వచ్చే వేళదాకా పదమూడుసార్లు ఎక్కించాను. మధ్యలో మునిరత్నం వచ్చి, బ్రేకులు బాగా ‘సూడు’ ఎక్కాయనీ, కాసేపు ఆపితే మంచిదనీ చెప్పాడు. వేడిని మద్రాసులో అలా అంటారు. ఇంకొక్కసారి, అన్నాను.

బ్రేకు వేసి బండిని కదిలించడమంటే ఇంజను బలంలో కొంత వేడిగా తగలేయడమే. అందుకని ఆ పరికరం తాను ఎంత బ్రేకు వేసిందో లెక్క కట్టుకుంటూ, బ్రేకులు హద్దు మీరి వేడెక్కాయనుకుంటే తనంతట తానే పని మానేస్తుంది. అప్పుడు డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగి నిలుస్తుంది. మామూలుగా పనిచేసేటప్పుడు అదే దీపం మిణుకుమిణుకుమంటుంది. అది చూసి అధికారులు ఏదో చెడిపోయిందనుకుంటారని, ముందురోజే నేను దాని మీద నల్ల టేపు అతికించాను.

అతిథుల ముందు టెస్ట్ డ్రైవరే బండి నడపాలని నియమం. పదకొండింటికి మునిరత్నం బండిని దిబ్బ మీదికి ఎక్కించాడు. రెండు చక్రాలు గాలిలోకి లేచి తిరగసాగాయి. బండి మాత్రం కదల్లేదు. నేను అధికారులకు ‘ఇప్పుడు చూడండి’ అని అప్పటికే చెప్పేశాను. వాళ్లు చూస్తూనే ఉన్నారు. కొన్ని సెకన్ల తర్వాత మునిరత్నం కుడికాలు యాక్సిలరేటరు మీదే ఉంచి, ఎడమకాలితో బ్రేకు పెడల్‌ను కొద్దిగా తొక్కాడు. నాలుగు చక్రాలకూ కాస్త బ్రేకు తగిలి, తేలిన చక్రాల విసురు తగ్గింది. బండి వణుక్కుంటూ దిబ్బ దాటింది. వెంట పొగ, కాలిన వాసన. ఆ పొగ కూడా పరికరంలో భాగమేనా అని ఒక అధికారి మర్యాదగా అడిగారు. జనరల్ మేనేజరు నా వైపు చూశారు. ఆ జాకెట్టు నేను మొదటిసారి విప్పింది అప్పుడే.

సాయంత్రానికి రిపోర్టు అడిగారు. బ్రేకు పెడల్ తొక్కితే, డ్రైవరు బండి ఆపాలనుకుంటున్నాడని ఆ పరికరం తప్పుకుంటుంది. అందుకే పెడల్ తొక్కొద్దని డ్రైవర్లకు రాతపూర్వకంగా సూచన ఇచ్చి ఉన్నాం. నేను రాశాను: ‘ప్రదర్శనలో డ్రైవరు సూచనకు విరుద్ధంగా బ్రేకు పెడల్ తొక్కాడు. పెడల్ తొక్కితే పరికరం పనిచేయదు.’ రెండు వాక్యాల్లో ఏదీ అబద్ధం కాదు. ఇంత చక్కటి రిపోర్టు అంతకుముందు రాయలేదనుకున్నాను. మునిరత్నానికి మెమో ఇచ్చారు. పరీక్షా విభాగం నుంచి తీసి, జార్జి టౌన్ గోదాముకు స్పేర్లు చేరవేసే వ్యాను మీద వేశారు.

రెండు వారాల తర్వాత విదేశీ సంస్థ, ఆ రోజు బండిలోని రికార్డరు గీసిన కాగితం చుట్ట పంపమని అడిగింది. టేబులు మీద పరిచాను. పరికరం పనిని చూపే గీత పద్నాలుగోసారి దిబ్బ ఎక్కగానే అడుగుకు పడిపోయింది. పెడల్ గీత లేచింది ఆ తర్వాత ఆరు సెకన్లకు. పరికరం ఆగిపోయింది కాబట్టి ఆయన బ్రేకు తొక్కాడు. నేను రాసినదానికి సరిగ్గా తలకిందులు.

ఆ కాగితం నేను తప్ప ఎవరూ చూడలేదు. అల్మారాలో పెట్టి తాళం వేసి రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించానంటే, కాగితం తేమకు పాడైపోయిందని ఇంగ్లీషులో ఎలా రాస్తే బాగుంటుందా అని. వాక్యం కుదిరింది కూడా. కానీ దాని కింద సంతకం పెట్టలేకపోయాను. మూడోరోజు స్పేర్ల వ్యాను ఎక్కి మునిరత్నం పక్క సీట్లో కూర్చున్నాను. జార్జి టౌన్ సందులో చేతిబండ్ల వెనక వ్యాను ఇరుక్కుంది.

“పరికరం ముందే ఆగిపోయిందని నీకు తెలుసా?” అన్నాను.

“తెలుసు సార్. కాలికి తెలిసిపోతాది.”

“మరి మెమో ఇచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు?”

ఆయన ముందున్న చేతిబండి మీంచి చూపు తిప్పలేదు. “పొద్దన్నే చెప్పినాను కదా సార్, సూడు ఎక్కిండాదని. మీరు ఫోటో తీయించుకుంటా ఉండారు.”

కాస్త దారి దొరికి వ్యాను కదిలాక ఆయనే మళ్లీ అన్నాడు.

“మీరు రాసింది అబద్ధం కాదు సార్. నేను బ్రేకు తొక్కినాను. ముందరది ఎనక్కి పొయ్యింది, ఎనకది ముందరికి వచ్చింది, అంతే. ఈ వ్యాను తోలేదానికి నాకేం కష్టం లేదు. ఇన్నేళ్లలో నేను బండి చెడిపినానని మాత్రం ఎవురూ అన్లేదు. అది మట్టుకు మార్చండి సార్.”

మర్నాడు రెండో రిపోర్టు ఇచ్చాను. రికార్డరు కాగితం జతచేసి, పదమూడుసార్లు ఎక్కించిన సంగతి, ఫోటోల సంగతి, టేపు సంగతి రాశాను. జనరల్ మేనేజరు చదివారు. దాన్ని డ్రైవర్ల గదిలో, అందరికీ అర్థమయ్యేలా తమిళంలో చెప్పమన్నారు. నా తమిళం విని డ్రైవర్లు మొదట నవ్వారు. టేపు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. వెనక బెంచీ మీద మునిరత్నం నేల చూస్తూ కూర్చున్నాడు. వారంలో ఆయన పరీక్షా విభాగానికి తిరిగొచ్చాడు. నేను ఆయన్ని ‘మీరు’ అనడం మొదలుపెట్టాను. ఆయన అది గమనించినట్టు కనిపించలేదు. ఆ ఏడాది నాకు రావలసిన ప్రమోషను రాలేదు, రాకపోవడం సబబే. ఆ శాఖవాళ్లు పరికరం లేని మామూలు జీపులే కొన్నారు.

బ్రేకుతో పనిచేసే పరికరం కొత్త బలాన్నేమీ పుట్టించదు. ఒక చక్రం దగ్గర వృథా అయ్యేదాన్ని రెండోదానికి మళ్లిస్తుంది, బదులుగా బ్రేకులను కాలుస్తుంది. మూడుసార్లు ఎక్కించాక చల్లార్చాలనీ, డ్రైవరు ఆపమంటే పరీక్ష ఆపాలనీ మా పద్ధతుల పుస్తకంలో చేర్చాం. అంతవరకూ ఇంజనీరింగు. రిపోర్టు విషయంలో నేను నేర్చుకున్నది ఇంకా చిన్నది. వాక్యాలన్నీ నిజమైనా, వరుస తప్పితే రిపోర్టు తప్పే. రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి రిపోర్టులోనూ జరిగిన ఒక్కొక్కదాని ఎదురుగా గంట, నిమిషం, సెకను వేశాను. నా సంతకానికి ముందు డ్రైవరు సంతకం తీసుకున్నాను.