మా ఆవిడ ఎంచిన బండి

మొన్న ఆదివారం టొరంటో దగ్గర రిచ్‌మండ్ హిల్‌లో మా అమ్మాయి ఇంటికి వెళితే, ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "డాడ్, విచ్ వన్?" అంది. కారు కొంటోందట. సీట్లు వెచ్చబడటం, పైకప్పు అద్దంలోంచి ఆకాశం కనబడటం, ఇలాంటివన్నీ చూపించింది. "మంచులో ఎలా వెళుతుంది?" అని నేనడిగాను. "హైవే అంతా క్లియర్ చేస్తారు కదా డాడ్" అంది. నిజమే. నేను బండి వెతుక్కున్న రోజుల్లో మా ముందున్నది హైవే కాదు.

అప్పుడు మేం ఒంటారియోలో బాగా ఉత్తరాన, ఒక గనుల కంపెనీ ఉన్న చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నేను ఆ కంపెనీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఊళ్లో ఇళ్లు దొరక్క, బయట కంకర రోడ్డు మీద ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ రోడ్డు మీద వెళితే ఒంట్లో ఎన్ని ఎముకలున్నాయో ఎవరూ చెప్పకుండానే తెలిసేది. అమ్మాయి ఎక్కడో దూరాన కిచెనర్‌లో చదువుకుంటోంది. ఆ ఏడే మా ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ మిషన్ ఉన్న ఆసుపత్రి అక్కడికి రెండు గంటల దూరం. ఉద్యోగం మానేసి టొరంటో వైపు వచ్చేద్దామంటే, మా పీఆర్, అంటే కెనడాలో స్థిరపడే అనుమతి, ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది.

మా దగ్గరున్నది నేలకు ఆనుకుని వెళ్లే చిన్న కారు. నవంబరులో ఒక ఉదయం ఆసుపత్రికి బయల్దేరితే, మలుపులో మంచు మీద జారి రోడ్డు పక్క కాలువలోకి దిగింది. దెబ్బలు తగల్లేదు గానీ, బండిని లాగేవాడు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఈలోగా మంచు తుఫాను ముదిరి, ముందున్న రోడ్డు మూసేశారు. ఆ రోజు డయాలసిస్ తప్పిపోయింది. మర్నాటికి ఒంట్లో నీరు చేరి ఆమె పాదాలు చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరాడక కుర్చీలో కూర్చుని కునుకు తీసేది. నేను ఎదురుగా కూర్చుని ఆ ఊపిరి వింటూ ఉండేవాణ్ణి. చివరికి అంబులెన్సు తీసుకెళ్లింది. "ఇంకోసారి ఇలా తప్పకూడదు" అని నర్సు నెమ్మదిగానే చెప్పింది. ఆ నెమ్మదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇక నాకు బండి పిచ్చి పట్టింది. అన్నం తింటూ టైర్ల గురించి వీడియోలు చూసేవాణ్ణి. ఎత్తుగా, నాలుగు చక్రాలూ లాగే పికప్ ట్రక్కే మాకు దిక్కని తేల్చుకుని, డయాలసిస్ నుంచి వస్తూ ఆమెను మా ఊళ్లో షోరూముకు తీసుకెళ్లాను. ఏనుగులాంటి ట్రక్కు. ఆమె పిడి పట్టుకుని ఒక కాలు పైన పెట్టి, అలాగే ఆగిపోయింది.

"ఏవండీ, ఇది మంచును దాటుతుందేమో గానీ, నేను దీన్ని ఎక్కలేను."

"మెట్టు వేయిస్తాను."

"మిషన్ మీంచి లేచాక నా కాళ్లలో ఏముంటుందని, మెట్టెక్కడానికి?"

ఆమె గోడవారగా నడిచి, చివర్లో బురద కూడా కడగని ఒక పాత వ్యాగన్ కారు దగ్గర ఆగింది. తలుపు తీసి, పక్కకు తిరిగి సీటు మీద కూర్చుని, కాళ్లు లోపలికి తీసుకుంది. వంగలేదు, ఎగరలేదు. "ఇది చూడండి" అంది. చూశాను. దానికీ నాలుగు చక్రాలూ లాగుతాయి, అడుగు భాగం మా కారు కన్నా బాగా ఎత్తు. సేల్స్‌మన్‌ను ఎక్కించుకుని మా కంకర రోడ్డు మీదే నడిపి చూశాను. గుంటల్లో కుదిపింది గానీ పక్కకు జారలేదు. తీసుకుని వింటర్ టైర్లు వేయించాను.

జనవరిలో అంతకన్నా పెద్ద తుఫాను వచ్చింది. దారి మధ్యలో రోడ్డూ ఆకాశమూ ఒకటే తెలుపైపోయాయి. ఆగితే వెనక ఎవరైనా గుద్దుతారు, వెళితే రోడ్డు ఎక్కడుందో తెలియదు. ఆమె అద్దానికి ముఖం ఆనించి కుడివైపు అంచు చూస్తూ చెప్పసాగింది. "గట్టు మీద ఎండుగడ్డి కనిపిస్తోంది, కాస్త ఎడమకి... ఆ, అంతే, పోనీండి." నడక వేగంతో పాకుతూ ఆసుపత్రి చేరాం. నర్సు మమ్మల్ని చూసి, ఎదురొచ్చి ఆమె కోటు విప్పింది.

ఆ చలికాలం మళ్లీ ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు. చలికాలం గడిస్తే చాలనుకున్నాం, గడిచింది. జూలైలో, రోడ్డు మీద చినుకైనా లేని ఒక పొద్దున, మిషన్ మీద ఉండగానే ఆమె గుండె ఆగిపోయింది.

ఎప్పుడు అయిపోతుందా అని ఆ చలికాలంలో ఒక్కో రోజునూ తోసేస్తూ బతికాను. ఆ బండిలో ఆమె పక్కన కూర్చుని మాట్లాడుకోవడానికి నాకు మిగిలిన కాలం అదేనని, అది అయిపోయాక గానీ తెలియలేదు.