పడవ తిప్పి కాల్చిన రొట్టె

రైలు కూత ఇంకా మా వైపు వినబడని ఆ రోజుల్లో, గోదావరి కాలువల మీద గొప్పవాళ్లంతా పడవల్లోనే తిరిగేవారు, పడవల్లోనే పడుకునేవారు, పడవల్లోనే కోప్పడేవారు. ఇప్పటి కుర్రాళ్లకు చెబితే నమ్మరు గానీ, గట్టు మీద నడిచే మనిషి పడవను దాటిపోయి, ముందు ఊళ్లో భోంచేసి, ఒక కునుకు తీసి లేచేసరికి ఆ పడవ తాపీగా వచ్చేది. అయినా అందులో కూర్చున్న దొర మహా తొందరలో ఉన్నట్టే మేమంతా భావించాలి. అది సర్కారు వారి మర్యాద.

అలాంటి ఒక గూటిపడవలో నేను వంటవాడిగా చేరాను. కాలువలూ లాకులూ తనిఖీ చేసే దొరది ఆ పడవ. ఉద్యోగం ఇప్పించినవాడు మా మేనమామ. ఆయన పాలకొల్లులో మకాం ఉన్న పెద్ద దొర దగ్గర బట్లరు. "మావాడి చేతి రొట్టె తిన్నారంటే మీ సీమ మర్చిపోతారండి" అని మా దొరకు ఒట్టేసి చెప్పాడట. అప్పటికి నేను రొట్టె కాల్చడం మాట అటుంచి, తినడం కూడా చర్చి గుళ్లో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే గోరంత ముక్క వరకే. మామయ్యకు నా చేతి వంట మీద అంత నమ్మకం ఎందుకు పుట్టిందంటే, ఆయనకు పెళ్లీడుకొచ్చిన కూతురుంది. ఆ అమ్మాయి ఒక ఆదివారం గుళ్లో నా వైపు చూసి నవ్వింది. (నా వెనక కునుకుతూ ముందుకు తూలిన పెద్దమనిషిని చూసి నవ్విందని మా అమ్మ అభిప్రాయం. నేను ఏకీభవించలేదు.)

"ఏరా, ఊరికే పిల్లనివ్వమంటే ఎలా ఇస్తాను? మా పెద్ద దొర మెచ్చేలా ఒక్క రొట్టె కాల్చి చూపించు. అప్పుడు చూద్దాం. లేదంటే ఏలూరు బడి పంతులు సంబంధం గుమ్మంలో కాచుకుని ఉంది" అన్నాడు మామయ్య. నాకూ ఆ అమ్మాయికీ మధ్య ఉన్నది ఒక్క రొట్టేనని తెలిసి చాలా సంతోషించాను. ఆ పొయ్యిని చూసేదాకా.

అది సీమ నుంచి ఓడెక్కి వచ్చిన ఇనప పెట్టె. అంత దూరం దాన్ని మోసుకొచ్చినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. బాతు అందులో గుడ్లు పెట్టడానికి కూర్చుంటే తోక బయటే ఉండాలి. కింద నిప్పులు, పైన మూత మీద నిప్పులు, మధ్యలో రొట్టె. చెప్పడానికి ఇంతే. కానీ పడవలో వంటగదికి రెండు పక్కలా కిటికీలున్నా, కాలువ గాలి ఎడమ వైపు నుంచే కొడుతుంది. గాలి తగిలిన వైపు నిప్పులు కొలిమిలా ఎర్రబడేవి, రెండో వైపు నిప్పులు పింఛను పుచ్చుకున్న ఉద్యోగుల్లా బూడిద కప్పుకుని నిద్రపోయేవి. ఫలితంగా నా రొట్టె ఎడమ చెంప బొగ్గు, కుడి చెంప అంబలి. నలుపు వైపు కాలువలో పారేస్తే చేపలు కూడా పక్కకు తప్పుకునేవి.

"ఈ వైపు బొగ్గు, ఈ వైపు పిండి. రొట్టె ఎక్కడ ఉంది, నాకు చూపించు" అనేది దొరసాని, తన తెలుగులో. నిజాయితీగా వెతికి, మధ్యలో వేలెడు మందాన చూపించేవాణ్ణి. ఎడమ కిటికీకి తడక కడితే పొగకు దొర దగ్గాడు. మధ్యలో పెట్టె తలుపు తీసి రొట్టెను తిప్పబోతే, చల్లగాలి తగిలి పొంగు కూలుతుందని దొరసాని ఆ తలుపు ముట్టుకోనిచ్చేది కాదు. ఆవిడ మాట నిజమే. ఒకసారి దొంగతనంగా తీస్తే, రొట్టె నా ముఖం చూసి నిట్టూర్చి కూర్చుండిపోయింది.

ఇలా ఉండగా ఎదురొచ్చిన పడవ వాళ్లు కేకేసి కబురు చెప్పారు. "వంట తమ్ముడూ! రేపు సాయంత్రం పెద్ద దొర పాలకొల్లు రేవులో మీ పడవెక్కి టీ తాగుతారంట! రొట్టె జాగ్రత్తని మీ మామ చెప్పమన్నాడు! ఆ ఏలూరు పంతులు కూడా మీ మామ ఇంట్లోనే దిగాడులే!" ఆఖరి మాట ఎంత ఉత్సాహంగా చెప్పారో ఇప్పటికీ మర్చిపోలేను.

మర్నాడు లాకు దాటాక, మధ్యాహ్నం భోజనాలు కాగానే పిండిని ఇనప పెట్టెలో పెట్టాను. పిండి పులియడానికి కలిపేది కల్లు. రొట్టెకు గ్లాసుడు చాలు గానీ, ఆ రోజు నేను కుండెడు తెప్పించాను. మిగతాది పడవ నడిపే సరంగు గారి కోసం. దొర, దొరసాని భోంచేసి లోపల నిద్రపోతున్నారు.

"సరంగు గారూ, సగం కాలాక ఒక్కసారి పడవని ఈ చివర ఆ చివరకి తిప్పేస్తే, గాలి రెండో వైపు తగులుతుంది కదండీ?"

"రొట్టె కోసం పడవ తిప్పమంటావా? నీకేమైనా పిచ్చా ఏంటి తమ్ముడూ?"

"నా పెళ్లండి."

ఆయన కుండ వైపు చూశాడు. "పెళ్లంటే మరి తప్పదు. ఒరేయ్, గెడలు పట్టండ్రా!"

ఏ నౌకా సైన్యమూ అంత అందంగా తిరిగి ఉండదు. గాలి వచ్చి కుడి చెంప మీద పడింది. బూడిద కింద నిప్పులు కళ్లు తెరిచాయి. నేను పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, రొట్టె వాసన, పెళ్లి ఊరేగింపు ఒకేసారి అనుభవిస్తున్నాను. అయితే తాడు లాగే కళాసీలకు తరతరాల అలవాటు ఒకటుంది. పడవ ముక్కుకి తాడు కట్టాలి, ముక్కు ఎటు చూస్తే అటు నడవాలి. తిప్పాక వెనక కొసకు తాడు కట్టి, పడవను వెనక ముందుగా లాగాలని వాళ్లకు ఎవరు చెప్పాలి? సరంగు చెప్పాలి. సరంగు కుండతో మాట్లాడుతున్నాడు. రెండు గట్ల మీదా అవే కొబ్బరిచెట్లు, అవే వరిచేలు. కళాసీలు పాటందుకుని వచ్చిన దారినే బ్రహ్మాండంగా లాగారు.

దొర లేచి బయటికొచ్చేసరికి లాకు కాపలాదారు వంగి సలాం చేస్తున్నాడు.

"ఈ మనిషి భోజనం ముందు సలాం చేసెను కదా?" అన్నాడు దొర.

"మర్యాదస్తుడండి, మళ్లీ చేశాడు" అన్నాను.

సరంగు కుండ వెనక్కి దాచి, వేలు నా వైపు చూపించాడు. దొర ముఖం ఎడమ చెంపా కుడి చెంపా ఒకే రంగులో, చాలా సమంగా ఎర్రబడింది. నన్ను అక్కడే గట్టు మీద దించెయ్యమని ఆజ్ఞాపిస్తుండగా, గట్టు వెంబడి గుర్రం వచ్చింది. రేవులో ఎదురుచూసి విసిగిన పెద్ద దొర! వెనకాల గొడుగు పట్టుకుని, రొప్పుతూ మా మామయ్య. ఆయన చూపు నా మీద పడిన తీరు చూసి, ఏలూరు పంతులుకు మనసులోనే శుభాకాంక్షలు చెప్పేశాను.

"టీ ఎక్కడ?" అన్నాడు పెద్ద దొర. ఇంకేం చేస్తాను? పెట్టె తలుపు తీశాను.

బంగారం. నాలుగు వైపులా ఒకటే బంగారం. పెద్ద దొర రొట్టెను ఇటు తిప్పి, అటు తిప్పి, పారేసుకున్న వస్తువు వెతికినట్టు మాడిన చోటు కోసం వెతికాడు. దొరకలేదు. కోసి తిన్నాడు. మళ్లీ కోశాడు. సగం అయిపోయాక, పడవ ఎటు పోతోందన్న ప్రశ్న ఎవరికీ గుర్తులేదు, మా దొరకు తప్ప.

"ఇతను మీకు అక్కర్లేదంటిరి కదా. నేను తీసుకుంటాను" అన్నాడు పెద్ద దొర మూతి తుడుచుకుని. "ఎవరితను?"

మామయ్య గొడుగు మడిచి ముందుకొచ్చాడు. "మా ఇంటి అల్లుడండి."

"ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే అండి."

ఆ విధంగా నేను బంగళా వంటింట్లో పడ్డాను. అక్కడ ఇటుకల పొయ్యి. గాలి లేదు, గొడవ లేదు. రొట్టె దానంతటదే సమంగా కాలుతుంది, అది చూసి ఎవరూ కనుబొమ్మ కూడా ఎత్తరు. మొన్న నా మీసంలో తెల్లవెంట్రుకలు పీకుతూ మా ఆవిడ హఠాత్తుగా అడిగింది. "నాకు తెలీక అడుగుతాను, తలుపు తియ్యకూడదు సరే. తడి గోనెలు పట్టుకుని ఇద్దరు మనుషులు ఆ ఇనప పెట్టెనే ఎత్తి అటు తిప్పి పెడితే సరిపోయేది కదండీ?"

ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. మీసం ఆవిడ చేతిలోంచి విడిపించుకుని, "నీ కోసం కదే, పెట్టె తిప్పితే ఏం బాగుంటుంది?" అన్నాను. నమ్మలేదు గానీ, ముఖం పక్కకు తిప్పుకుని నవ్వింది. ఈసారి నా వెనక ఎవరూ తూలడం లేదు, చూసుకున్నాను.