కృపారావు కట్టించుకున్న పళ్ళు

ఉప్పలగుప్తం చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపైనా, సమాధుల తోటకి సాగే శవయాత్రైనా, కృపారావు క్లారినెట్ లేకపోతే వెలితిగానే ఉండేది. ముప్పయ్యేళ్ళు బ్యాండు మేళంలో వాయించాడు. పై వరసలో ముందు పళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉండేవి. ఆ వంకరలోనే క్లారినెట్ మౌత్‌పీస్ కుదురుగా కూర్చునేది. ఆ సంగతి అతనికే తెలియదు. తెలిస్తే ఇంత అనర్థం జరిగేదా!

పోయిన వేసవిలో ఒక పెళ్ళిలో వాయించి, చివర్లో నవ్వితే, ఎవరో సెల్‌లో వీడియో తీసి నెట్‌లో పెట్టారు. వేలమంది చూశారు. ‘వాయిద్యం సూపర్ బాబాయ్, ఆ నవ్వొక్కటీ ఆపు’ అని కింద ఒకడు రాశాడు. వందమంది మెచ్చుకున్న మాటలు వదిలేసి, కృపారావు ఆ ఒక్కటీ పట్టుకుని కూర్చున్నాడు.

అమలాపురంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఓపిగ్గానే చెప్పింది: మరకలు తీసి తెల్లబరచవచ్చు, పన్ను మీద వినీర్ అనే పల్చటి తెల్ల పెచ్చు అతికించవచ్చు, క్లిప్పులు పెట్టి ఏడాదిలో వరస సర్దవచ్చు, తొందరైతే అరగదీసి క్యాపులు తొడగవచ్చు.

“మీరేం పని చేస్తారండీ?” అనడిగింది.

ఏసీ గది. పక్క కుర్చీలో ఎవరో లెక్చరరు. మేళగాణ్ణని చెప్పడానికి కృపారావుకి నోరు రాలేదు.

“కొబ్బరి వ్యాపారమండి, ఆయ్. క్యాపులే వేసెయ్యండి” అన్నాడు.

నాలుగు పళ్ళు అరగదీసి, తెల్లటి క్యాపులు వరసగా తొడిగారు. వారం రోజులు అద్దం వదల్లేదు. తర్వాతి పెళ్ళిలో క్లారినెట్ నోట పెట్టుకుంటే మౌత్‌పీస్ జారింది. పక్కనుంచి గాలి పోయింది. పై స్వరం కీచుమంది. జనం నవ్వారు. నాలుగు నెలలు పొద్దస్తమానం సాధన చేశాడు. కుదర్లేదు. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తి నిజం చెప్పేశాడు.

“అయ్యో, అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదండీ. ఆ రోజే చెప్పుంటే మరకలు మాత్రం తీసి పంపేసేదాన్ని కదండీ” అంది.

ఆవిడ తప్పేముంది? అన్నం పెట్టిన పని పేరు చెప్పుకోవడానికి తనే సిగ్గుపడ్డాడు. అది తల్చుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండుతుంది. వంకర పళ్ళు చూసి నలుగురూ నవ్వినా బతికేవాడు. ఇప్పుడేం మిగిలిందని?

పోయిన నెల, అతనికి క్లారినెట్ నేర్పిన ధర్మరాజు మేష్టారు కాలం చేశారు. కృపారావు వెళ్ళి శవపెట్టె పక్కన నిలబడ్డాడు. మేష్టారి భార్య సూరమ్మగారు అతని చెయ్యి పట్టుకున్నారు.

“వచ్చేవా కృపారావూ. నువ్వు వాయిస్తుంటేనే సమాధుల తోటకి వెళ్తానని పోయేముందు కూడా అన్నారయ్యా మీ మేష్టారు. ఒక్క పాట వాయించు నాయనా.”

“వాయించలేనమ్మగారండీ.”

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగారు. కృపారావు పెదవులు తెరిచి పళ్ళు చూపించాడు.

చూపు ఆనని ఆ పెద్దావిడ దగ్గరగా వంగి, అతని మొహంలోకి చూశారు.

“నవ్వుతున్నావేంటి నాయనా?” అన్నారు.